ఫ్లయింగ్ టైగర్స్ రాకముందు నాలుగేళ్ళు

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. రెండో ప్రపంచ యుద్ధంలో చైనా తరఫున జపాన్‌తో పోరాడిన అమెరికన్ వాలంటీర్ల వైమానిక దళం ‘ఫ్లయింగ్ టైగర్స్’ గురించి మీ ఆదివారం అనుబంధంలో ఈ మధ్య వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. సొరచేప నోరు చిత్రించిన పి-40 విమానాల ఫొటోలు, వాళ్ళ నాయకుడు క్లెయిర్ షెనాల్ట్ జీవిత విశేషాలు, నెలకు 600 డాలర్ల జీతానికి, కూల్చిన ఒక్కో విమానానికి అదనంగా 500 డాలర్లకు ఒప్పందం కుదుర్చుకుని వచ్చిన అమెరికన్ యువకుల సాహసాలు, అన్నీ చదివించేలా ఉన్నాయి. కానీ వాళ్ళు వచ్చేదాకా చైనా ఆకాశాన్ని కాపాడే నాథుడే లేడన్న వాక్యం మాత్రం నిజం కాదు. ఇంత పెద్ద వ్యాసంలో చైనా పైలట్ ఒక్కడి పేరు కూడా లేకపోవడం రచయిత తప్పని నేను అనను. మన దాకా వచ్చిన యుద్ధ చరిత్ర చాలావరకు ఇంగ్లిషులో అచ్చయినదే, అందులో చైనా పైలట్ చోటు ఎప్పుడూ ఫొటోలో వెనక వరసే. అయినా తెలుగు పాఠకుడికి ఆ లోటు తెలియాలి కాబట్టి, ఉత్తరం పొడవవుతుందని తెలిసీ రాస్తున్నాను.

ముందు తేదీల సంగతి చూద్దాం. బీజింగ్ శివార్లలోని మార్కోపోలో వంతెన దగ్గర జపాన్ సేనలతో ఘర్షణ మొదలైంది 1937 జులై 7న. షాంఘై యుద్ధం మొదలైంది అదే ఏడాది ఆగస్టు 13న. షెనాల్ట్ నాయకత్వంలోని అమెరికన్ వాలంటీర్లు కున్మింగ్ నగరం మీద తమ మొదటి పోరాటం చేసింది 1941 డిసెంబర్ 20న. వాళ్ళ దళం రద్దయింది 1942 జులై 4న. అంటే వాళ్ళు తొలి తూటా పేల్చేనాటికి చైనా పైలట్లు నాలుగేళ్ళ నాలుగు నెలలుగా యుద్ధం చేస్తూనే ఉన్నారు. యుద్ధం మొదలుపెట్టిన తొలి తరం పైలట్లలో పేరున్నవాళ్ళు చాలామంది అప్పటికే చనిపోయారు. షెనాల్ట్ స్వయంగా 1937 నుంచీ చైనా ప్రభుత్వానికి సలహాదారుగా అక్కడే ఉండి ఇదంతా కళ్ళారా చూసినవాడు. ఆయన కథ చెప్పేటప్పుడు ఆయన చూసినదాన్ని వదిలేయడం సబబు కాదు.

1937లో చైనా దగ్గర యుద్ధానికి పనికొచ్చే విమానాలు సుమారు 300. వాటిలో ఎక్కువ భాగం అమెరికా నుంచి, ఇటలీ నుంచి కొన్నవి. ఇంజను తయారుచేసుకునే సత్తా దేశంలో లేదు. కూలిన విమానానికి బదులు మరొకటి రావాలంటే ఓడ రావాలి, ఓడ రావాలంటే రేవు మిగలాలి. జపాన్ తన విమానాలను తానే తయారుచేసుకునేది. ఈ తేడా తెలియకుండా చైనా పైలట్ బతుకు అర్థం కాదు. అతడు పోతే మరో యువకుడు ముందుకు వచ్చేవాడు, విమానం పోతే మాత్రం దాని చోటు ఖాళీగానే మిగిలేది. అందుకే దెబ్బతిన్న విమానాన్ని వదిలి పారాచూట్‌తో దూకడానికి బదులు, దాన్ని ఎలాగోలా నేలకు చేర్చాలని చూసి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు.

వీళ్ళలో ఎక్కువమంది హాంగ్‌జౌ నగరం దగ్గర జ్యన్‌చ్యావ్ అనే చోట 1932లో ఏర్పడిన కేంద్ర వైమానిక పాఠశాలలో చదివినవాళ్ళు. తొలి రోజుల్లో అమెరికన్ శిక్షకులు ఉండేవారు. విద్యార్థులు చదువుకున్న కుటుంబాల పిల్లలు, కొందరు విశ్వవిద్యాలయ పట్టభద్రులు. మరికొందరిది ఈశాన్యంలోని మంచూరియా. 1931 సెప్టెంబర్ 18 తరవాత ఆ ప్రాంతాన్ని జపాన్ ఆక్రమించుకోవడంతో సొంత ఊరికి తిరిగి వెళ్ళే దారి మూసుకుపోయినవాళ్ళు. మన దేహాలు, మన విమానాలు, మన బాంబులు శత్రువు యుద్ధనౌకలతో, స్థావరాలతో పాటే నాశనం కావాలన్న అర్థం వచ్చే నినాదం ఆ పాఠశాలది. ఇరవై ఏళ్ళ కుర్రవాళ్ళ కళ్ళ ముందు రోజూ అలాంటి మాట నిలబెట్టడం నాకు గొప్పగా అనిపించదు. దాన్ని తలచుకుని పులకించేవాళ్ళతో నేను ఏకీభవించలేను. ఆ మాటను అక్షరాలా పాటించినవాళ్ళు ఉన్నారన్నది మాత్రం చరిత్ర.

1937 ఆగస్టు 14 ఆ పాఠశాలకు పరీక్ష దినం. తుపాను గాలి, ముసురు. నాలుగో పర్స్యూట్ గ్రూపుకు, అంటే నాలుగో ఫైటర్ దళానికి చెందిన కర్టిస్ హాక్-3 విమానాలు హెనాన్ రాష్ట్రంలోని జౌకౌ నుంచి బయల్దేరి జ్యన్‌చ్యావ్‌లో అప్పుడే దిగుతున్నాయి. హాక్-3 అంటే ఒకదాని మీద ఒకటిగా రెండు వరసల రెక్కలుండే బైప్లేన్. గాలిలోకి లేచాక చక్రాలను చేత్తో తిప్పి పైకి ముడవాలి. కొన్ని విమానాలకు ఇంధనం కూడా నింపకముందే ప్రమాద సూచన వచ్చింది. తైవాన్‌లోని స్థావరం నుంచి సముద్రం దాటి 18 జపాన్ బాంబర్లు వస్తున్నాయి, వాటిలో తొమ్మిది హాంగ్‌జౌ మీదికే. గ్రూపు కమాండర్ గావ్ జీహాంగ్ తన విమానం ఎక్కి లేచాడు. అతడు మంచూరియాలో పుట్టి, ఫ్రాన్సులో విమానయానం నేర్చుకుని వచ్చినవాడు. ఆ రోజు చైనా పైలట్లు బాంబర్లను కూల్చారు, తాము మాత్రం శత్రువు తూటాలకు ఒక్క విమానాన్ని కూడా కోల్పోలేదు. కూల్చినవి ఆరు అని అప్పట్లో ప్రకటించారు. తరవాతి పరిశోధకుల లెక్క అంతకంటే తక్కువ. లెక్క ఏదైనా, తైవాన్‌లో నేటికీ ఆగస్టు 14ను వైమానిక దళ దినంగా జరుపుకుంటున్నారు.

అదే రోజు జరిగిన మరో సంఘటనను కూడా చెప్పకుండా దాటవేయకూడదు. షాంఘై రేవులో నిలిచిన ఇజుమో అనే జపాన్ యుద్ధనౌక మీదికి చైనా బాంబర్లు వేసిన బాంబులు గురితప్పి నగరం నడిబొడ్డున పడ్డాయి. శరణార్థులతో కిక్కిరిసిన వీధుల్లో వెయ్యిమందికి పైగా పౌరులు చనిపోయారు. ఒకే వైమానిక దళానికి ఒకే రోజున దక్కిన కీర్తీ, అంటిన మచ్చా ఇవి. చైనా పైలట్లను గుర్తుచేసుకోవాలని అడుగుతున్నవాడిగా ఈ రెండోదాన్ని దాచే హక్కు నాకు లేదు.

ఆ తరవాతి మూడు నెలల్లో ఏం జరిగిందో చూడండి. ఆగస్టు 17న యన్ హైవెన్ అనే యువకుడి విమానం షాంఘై దగ్గర దెబ్బతింది. పారాచూట్‌తో దూకితే గాలి అతణ్ణి జపాన్ సేనల మధ్యకు తీసుకుపోయింది. లొంగిపొమ్మంటే పిస్తోలుతో ఎదురు కాల్పులు జరిపి, చివరి తూటాతో తనను తాను కాల్చుకున్నాడు. జపాన్ సైనికులే అతడికి గౌరవంగా సమాధి కట్టారు. రెండు రోజులకు షెన్ ఛొంగ్‌హాయ్ చనిపోయాడు. త్సింగ్‌హ్వా విశ్వవిద్యాలయంలో చదువు పూర్తిచేసి, సుఖంగా ఉద్యోగం చేసుకోగలిగి ఉండీ పైలట్ అయినవాడు ఇతడు. తన విమానాన్ని శత్రునౌక మీదికి దూకించాడని చైనా కథనం. అలా మునిగిన నౌక ఏదీ జపాన్ రికార్డుల్లో కనిపించదు కాబట్టి ఆ కథనాన్ని కథనంగానే తీసుకోవడం మంచిది. అక్టోబర్‌లో ల్యూ త్సుయ్‌గాంగ్ షాన్‌షీ రాష్ట్రంలోని యుద్ధరంగానికి బయల్దేరాడు. దారిలో చీకటి పడింది, ఇంధనం అయిపోయింది, గావ్‌పింగ్ అనే ఊళ్ళో దిగబోతూ ఒక పాత బురుజుకు ఢీకొని చనిపోయాడు. శత్రువు కంట పడకుండానే ముగిసిపోయిన వీరుడతడు. అతడి భార్య తరవాత కున్మింగ్‌లో అతడి పేరిట ఒక ప్రాథమిక పాఠశాల నడిపింది.

గావ్ జీహాంగ్ చావు కూడా గాలిలో జరగలేదు. నవంబర్ 21న, సోవియట్ యూనియన్ ఇచ్చిన కొత్త ఐ-16 విమానాలను తీసుకువస్తూ జౌకౌలో ఆగి ఉండగా బాంబుల దాడి జరిగింది. పైకి లేవాలని విమానం ఎక్కాడు, ఇంజను రాజుకోలేదు, బాంబులకు అక్కడే బలయ్యాడు. అప్పటికి అతడి వయసు ముప్పై ఏళ్ళు. డిసెంబర్ 3న నాన్‌జింగ్ మీద ల్యో ఈచిన్, మరుసటి ఏడాది ఫిబ్రవరి 18న వూహాన్ మీద లీ గ్వీదాన్ మరణించారు. గావ్, ల్యూ, ల్యో, లీ అనే ఈ నలుగురినీ చైనా ప్రజలు దిక్పాలకులతో పోల్చి చెప్పుకునేవారు. నలుగురూ ఏడు నెలల లోపే పోయారు.

సోవియట్ వాలంటీర్ల గురించి మీ వ్యాసంలో ఒక్క ముక్క కూడా లేదు. 1937 ఆగస్టులో కుదిరిన ఒప్పందం తరవాత విమానాలు ఆల్మా-ఆటా నుంచి షిన్‌జ్యాంగ్ మీదుగా లాన్‌జౌ చేరేవి. వాటితో పాటు వచ్చిన సోవియట్ పైలట్లలో, సిబ్బందిలో రెండు వందలమందికి పైగా చైనా నేల మీదే కన్నుమూశారు. ఐ-16 చక్రాలు ముడుచుకోవాలంటే పైలట్ ఒక చేత్తో విమానం నడుపుతూ మరో చేత్తో పిడిని 44 సార్లు తిప్పాలని చదివినప్పుడు, గాలిలో పోరు మొదలవకముందే వాళ్ళు ఎంత శ్రమపడేవారో తెలిసింది.

1938 ఏప్రిల్ 29న, జపాన్ చక్రవర్తి పుట్టినరోజున, వూహాన్ మీద పెద్ద యుద్ధం జరిగింది. ఛెన్ హ్వైమిన్ అనే ఇరవై రెండేళ్ళ పైలట్ దెబ్బతిన్న తన విమానంతో ఒక జపాన్ ఫైటర్‌ను ఢీకొన్నాడని, ఇద్దరూ చనిపోయారని చైనా కథనం. చనిపోయిన జపాన్ పైలట్ దగ్గర అతడి భార్య ఫొటో, ఆమె రాసిన ఉత్తరం దొరికాయి. అవి చూసిన హ్వైమిన్ సోదరి ఆ భార్యకు ఒక బహిరంగ లేఖ రాసింది. తన అన్నకు ఆమె భర్త మీద వ్యక్తిగతమైన ద్వేషమేదీ లేదని, వాళ్ళిద్దరూ రెండు శక్తుల తరఫున ఢీకొన్నారని, ఈ యుద్ధాన్ని ఆపడానికి ఆడవాళ్ళం చేతులు కలపాలని దాని సారాంశం. యుద్ధం వూహాన్ మీదికి ముంచుకొస్తున్న రోజుల్లో, అన్న పోయిన దుఃఖంలో ఒక అమ్మాయి అలా రాయగలగడం నాకు ఆ ఢీకొనడం కంటే గొప్ప సంగతిగా తోస్తుంది.

పరదేశంలో పుట్టిన చైనీయులు కూడా ఈ దళంలో ఉన్నారు. అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో చైనీయులు, మంచూరియా ఆక్రమణ తరవాత చందాలు వేసుకుని తమ పిల్లలకు విమానయానం నేర్పించారు. అలా నేర్చుకున్న ఆర్థర్ చిన్, అమెరికన్ పౌరుడై ఉండీ, చైనా వైమానిక దళంలో చేరి, బ్రిటిష్ గ్లాడియేటర్ విమానంతో పోరాడి, రెండో ప్రపంచ యుద్ధపు తొలి అమెరికన్ ‘ఏస్’గా, అంటే కనీసం ఐదు శత్రు విమానాలను కూల్చిన పైలట్‌గా, ఇప్పుడు గుర్తింపు పొందాడు. 1939 డిసెంబర్ 27న కున్‌లున్ కనుమ దగ్గర అతడి విమానం అంటుకుంది. పారాచూట్‌తో బయటపడ్డాడు గానీ ముఖం, చేతులు దారుణంగా కాలిపోయాయి. కొద్ది రోజులకే ల్యూజౌ నగరంలో వైమానిక దాడి జరిగింది. కదలలేని స్థితిలో కట్లతో పడి ఉన్న భర్తను కాపాడబోయి అతడి భార్య ప్రాణం వదిలింది. ఏళ్ళ తరబడి చికిత్సలు, శస్త్రచికిత్సలు అయ్యాక ఈ మనిషి చేసిన పని ఏమిటంటే, మళ్ళీ విమానం ఎక్కడం. 1945లో అస్సాం నుంచి కున్మింగ్‌కు హిమాలయాల మీదుగా సరుకు చేరవేసే విమానాలు నడిపాడు. యుద్ధం అయిపోయాక పోర్ట్‌లాండ్‌లో తపాలా శాఖ ఉద్యోగిగా బతికాడు. ఆ ప్రాంతంలో ఒక పోస్టాఫీసుకు ఇప్పుడు అతడి పేరుంది. అతడితో పాటు నేర్చుకున్న హేజెల్ యింగ్ లీ అనే యువతి కూడా చైనా వెళ్ళింది, ఆడదానివంటూ వైమానిక దళం తీసుకోలేదు. ఆమె తరవాత అమెరికాలో సైనిక విమానాలను చేరవేసే మహిళా పైలట్ల దళంలో చేరి, 1944లో విమాన ప్రమాదంలో చనిపోయింది.

చైనా పైలట్లకు అన్నిటికంటే చెడ్డ రోజు 1940 సెప్టెంబర్ 13. ఆనాటి రాజధాని చోంగ్‌చింగ్ మీద బాంబులు వేసిన జపాన్ విమానాలు వెళ్ళిపోయినట్టే వెళ్ళాయి. తిరిగి దిగడానికి వస్తున్న 34 చైనా విమానాల మీదికి, ఎండ దిక్కు నుంచి 13 కొత్త ఫైటర్లు దూకాయి. ప్రపంచం అప్పటిదాకా చూడని ‘జీరో’ అదే. వేగం, ఎక్కే సత్తా, తుపాకులు, ఏ విషయంలోనూ పోలిక లేదు. అరగంటలో చైనా వైపు 13 విమానాలు కూలాయి, పదిమంది పైలట్లు చనిపోయారు. ఒక్క జీరో కూడా కూలలేదు. ఆ తరవాత వచ్చిన ఆదేశం ఆ పైలట్లకు చావు కంటే కష్టమనిపించి ఉంటుంది: శత్రువు వస్తే పోరాడవద్దు, విమానాలను దూరంగా తీసుకుపోయి దాచండి. కింద జనం సొరంగాల్లో దాక్కుంటే, పైన తమ విమానాలు వెనుదిరిగి పోవడం ఊరంతా చూసేది. ఆ జనం వాళ్ళను తిట్టుకోలేదని నేను అనుకోను. ఆ రోజు కూలి బతికిన పైలట్ ఒకడు, తనను కూల్చిన జపాన్ పైలట్‌ను 1998లో టోక్యోలో కలుసుకున్నాడు. అప్పటికి ఇద్దరూ ముసలివాళ్ళు.

పోరాటాల తేదీలు ఎన్ని చెప్పినా ఈ పైలట్ల జీవితం పూర్తిగా దొరకదు. అది దొరికే చోటు మన దేశానికి కొంత తెలిసిన ఒక కుటుంబం కథలో ఉంది. 1924లో రవీంద్రనాథ్ ఠాకూర్ చైనా వెళ్ళినప్పుడు ఆయన మాటలను అనువదించి వినిపించిన, ఆయన పుట్టినరోజున ఆయన నాటకంలోనే నాయికగా నటించిన యువతి లిన్ హుయ్‌యిన్. తరవాత ఆమె కవయిత్రిగా, వాస్తుశిల్పిగా పేరుపొందింది. భర్త ల్యాంగ్ సిచెంగ్ ప్రాచీన కట్టడాల పరిశోధకుడు. 1937లో బీజింగ్ వదిలి, ఆ ఏడాది చివర ఇద్దరు చిన్నపిల్లలతో బస్సుల్లో కున్మింగ్ వైపు వెళుతూ, హూనాన్ సరిహద్దులో ఒక చిన్న ఊళ్ళో చిక్కుకుపోయారు. వాన, సత్రాలన్నీ నిండిపోయాయి, లిన్‌కు ఒళ్ళు కాలిపోయే జ్వరం. ఎక్కడి నుంచో వయొలిన్ వినిపించింది. ఈ మారుమూల ఆ వాద్యం వాయించేవాళ్ళు చదువుకున్న పిల్లలే అయి ఉంటారనుకుని ల్యాంగ్ ఆ తలుపు తట్టాడు. లోపల జ్యన్‌చ్యావ్ పాఠశాలకు చెందిన ఎనిమిదిమంది క్యాడెట్లు ఉన్నారు. పాఠశాలను కున్మింగ్‌కు తరలిస్తుంటే వాళ్ళూ అక్కడికే పోతున్నారు. పరిస్థితి చెప్పగానే ఇరుక్కుని సర్దుకుని, ఈ కుటుంబానికి ఒక గది ఖాళీ చేసి ఇచ్చారు.

కున్మింగ్ చేరాక ఆ ఎనిమిదిమందికీ ఆ ఇల్లు సొంత ఇల్లయింది. శిక్షణలో పడ్డ కష్టాలు, అధికారుల మీద ఫిర్యాదులు, అన్నీ అక్కడే చెప్పుకునేవారు. శిక్షణ ముగిసిన రోజున, వాళ్ళ తల్లిదండ్రులు శత్రువు ఆక్రమించిన ప్రాంతాల్లో చిక్కుకుని ఉన్నారు కాబట్టి, పెద్దల స్థానంలో ల్యాంగ్ దంపతులు కూర్చున్నారు. అధికారిక కాగితాల్లోనూ వాళ్ళ చిరునామానే నమోదైంది. ఆ చిరునామా ఎందుకు పనికొచ్చిందంటే, వాళ్ళు ఒక్కొక్కరే చనిపోయినప్పుడు మరణ వార్త, దానితో పాటు ఒక చిన్న మూట ఆ ఇంటికి వచ్చేవి. డైరీ, ఉత్తరాలు, ఫొటోలు. ఎనిమిదిమందివీ వచ్చాయి. ఆఖరివాడు 1944లో హెంగ్‌యాంగ్ యుద్ధంలో పోయాడు.

ఈలోగా లిన్ తమ్ముడు లిన్ హెంగ్ కూడా వైమానిక పాఠశాలలో చేరి ఫైటర్ పైలట్ అయ్యాడు. 1941 మార్చి 14న చెంగ్డూ దగ్గర జీరోలు మళ్ళీ విరుచుకుపడ్డ రోజున ఎనిమిదిమంది చైనా పైలట్లు మరణించారు. అందులో అతడొకడు. ఆ సమయానికి లిన్ క్షయతో లీజ్వాంగ్ అనే పల్లెలో మంచాన ఉంది. భర్త వేరే పని పేరు చెప్పి వెళ్ళి, బావమరిది అంత్యక్రియలు జరిపించి, అతడి యూనిఫారాన్ని మోసుకుని వచ్చి, ఆమెకు కొన్నాళ్ళు ఆ సంగతి దాచాడు. మూడేళ్ళకు ఆమె తమ్ముడి మీద కవిత రాసింది. దాంట్లో ఉన్నది అతడి ఒక్కడి సంగతి మాత్రమే కాదని ఆ ఎనిమిదిమందినీ తెలిసినవాళ్ళకు అర్థమవుతుంది. ఏటా జులై 7న మధ్యాహ్నం ల్యాంగ్ ఇంట్లో అందరినీ నిలబెట్టి మూడు నిమిషాలు మౌనం పాటింపజేసేవాడని వాళ్ళ కొడుకు తరవాత రాశాడు.

వీటన్నిటికీ హైదరాబాద్‌లో కూర్చున్న పాఠకుడితో ఏం సంబంధమని మీ పేజీలు కూర్చేవారు అడగవచ్చు. సంబంధం ఉంది, మీ వ్యాసకర్త దృష్టికి అదీ రాలేదు. 1937 ఆగస్టులో షాంఘై తీరాన నిలిచి చైనా పైలట్ల మీదికి ఫైటర్లను పంపిన విమానవాహక నౌకల్లో ర్యూజో ఒకటి. అదే ర్యూజో నుంచి లేచిన విమానాలు 1942 ఏప్రిల్ 6న మన విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ రోజుల్లో ఊళ్ళు ఖాళీ చేసి లోపలి పల్లెలకు పోయిన కథలు ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల ఇళ్ళలో ఇంకా చెప్పుకుంటారు. ఆ ఒక్క రోజు భయాన్ని మనం ఎనభై ఏళ్ళకు పైగా గుర్తుంచుకున్నాం. చోంగ్‌చింగ్ వాసులకు అలాంటి రోజులు ఏళ్ళ తరబడి నడిచాయి. 1939 ఆగస్టులో ఆ నగరానికి వెళ్ళిన జవాహర్‌లాల్ నెహ్రూ కూడా వైమానిక దాడుల రాత్రులను అక్కడి సొరంగాల్లోనే గడిపారు.

ఇక మన నగరం పేరు. బ్రిటిష్ వాయుసేనలో 110, 152, 253 నంబర్ల స్క్వాడ్రన్లకు హైదరాబాద్ పేరుండేది, ఏడో నిజాం ఇచ్చిన విరాళాలకు గుర్తుగా. స్పిట్‌ఫైర్ విమానాలు నడిపిన 152 స్క్వాడ్రన్ చిహ్నంలో నిజాం తలపాగా బొమ్మ కూడా ఉంది. ఈ సంగతి మన పత్రికలు తరచు గర్వంగా రాస్తుంటాయి. ఆ డబ్బు ఇక్కడి రైతుల శిస్తు అన్న మాట మాత్రం తక్కువగా వినిపిస్తుంది. చైనాలో కూడా 1936లో దేశాధినేత ఛాంగ్ కై-షేక్ యాభయ్యో పుట్టినరోజు పేరిట దేశమంతా చందాలు పోగుచేసి విమానాలు కొన్నారు. వాటిని నడిపింది ఆ చందాలిచ్చిన జనం పిల్లలే.

చైనా పైలట్లు మన ఉపఖండంలోనూ ఉన్నారు. బర్మా నుంచి చైనాకు సరుకు చేరే రోడ్డు దారి తెగిపోయాక, చైనా క్యాడెట్లకు తొలి శిక్షణ లాహోర్‌లో ఇచ్చి, అక్కడి నుంచి సముద్రం మీద అమెరికాకు పంపేవారు. అరిజోనా ఎడారిలో ఫైటర్ శిక్షణ పూర్తిచేసుకుని తిరిగి వచ్చినవాళ్ళను 1943 అక్టోబర్‌లో కరాచీ దగ్గర మలీర్‌లో అమెరికన్లతో కలిపి చైనా-అమెరికా మిశ్రమ వైమానిక విభాగంగా ఏర్పాటు చేశారు. ఒకే స్క్వాడ్రన్‌లో ఇరు దేశాల పైలట్లు, ఇద్దరేసి కమాండర్లు. శిక్షణలోనే ప్రాణాలు పోయిన క్యాడెట్ల సమాధులు టెక్సాస్‌లోని ఫోర్ట్ బ్లిస్‌లో ఉన్నాయి. యుద్ధం ముగియడానికి మూడు నెలల ముందు, 1945 మే 18న, హెనాన్ రాష్ట్రంలోని షిన్‌యాంగ్ మీద జాంగ్ దాఫెయ్ అనే పైలట్ చనిపోయాడు. అతడి తండ్రిని మంచూరియాలో జపాన్ అధికారులు సజీవంగా తగలబెట్టారు. స్నేహితుడి చెల్లెలికి ఏళ్ళ తరబడి ఉత్తరాలు రాశాడు. ఆమె తైవాన్‌లో సాహిత్య ఆచార్యురాలై, వృద్ధాప్యంలో అతణ్ణి గురించి రాసేవరకు బయటి ప్రపంచానికి అతడి పేరు తెలియదు.

తెలియకపోవడానికి కారణం అక్కడి రాజకీయం కూడా. ఈ దళం, 1949లో కమ్యూనిస్టుల చేతిలో ఓడి తైవాన్ చేరిన ఛాంగ్ కై-షేక్ పార్టీ కువోమింతాంగ్ ప్రభుత్వానిది. 1949 తరవాత చైనాలో ఉండిపోయిన మాజీ పైలట్లకు, వాళ్ళ కుటుంబాలకు ఆ దళంలో పనిచేసినందుకు దశాబ్దాల పాటు దక్కింది గౌరవం కాదు, అనుమానం. తైవాన్ వెళ్ళినవాళ్ళను అక్కడ గౌరవించారు గానీ, సొంత ఊళ్ళ వాళ్ళు వారి పేరెత్తలేదు. నాన్‌జింగ్‌లోని నీలలోహిత పర్వతం మీద ఇప్పుడున్న స్మారకంలో చైనా, సోవియట్, అమెరికన్, కొరియన్ వైమానికుల పేర్లు నాలుగు వేలకు పైగా చెక్కారు. వాటిలో అమెరికన్ల పేర్లే ఎక్కువ. అది న్యాయమే, హిమాలయాల మీదుగా సరుకు మోస్తూ, చైనా మీద పోరాడుతూ చనిపోయిన సిబ్బంది చాలామంది. వాళ్ళ త్యాగాన్ని తగ్గించడం నా ఉద్దేశం కాదు. ఫ్లయింగ్ టైగర్స్ నిజంగా బాగా పోరాడారు. వాళ్ళు ఎగిరింది చైనా వైమానిక దళం గుర్తు వేసుకున్న విమానాల్లోనే.

కాబట్టి మీకు నా మనవి ఇది. ‘కాపాడే నాథుడే లేడు’ అన్న వాక్యాన్ని మీ వెబ్ సంచికలోనైనా సవరించండి, వ్యాసంలో 1937 నుంచి 1941 వరకు జరిగినదానికి ఒక పేరా చేర్చండి. ఆగస్టు 14న గావ్ జీహాంగ్ మీద, లేదా ఆర్థర్ చిన్ మీద విడిగా ఒక వ్యాసం వేయగలిగితే మరీ సంతోషం. యుద్ధకాలంలో లాహోర్‌లో, మలీర్‌లో, అస్సాం విమానాశ్రయాల్లో సైన్యంలోనో, రైల్వేలోనో, తపాలా శాఖలోనో పనిచేసిన తెలుగువాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళ ఇళ్ళలో చైనా క్యాడెట్లు కనిపించే ఫొటోలు, ఉత్తరాలు ఏవైనా మిగిలి ఉంటే మీ చిరునామాకు పంపవలసిందిగా పాఠకులను మీ ద్వారా కోరుతున్నాను. వచ్చినవాటికి తేదీలు, ప్రదేశాలు సరిచూసి వివరణలు రాసే పని నేను చేసిపెడతాను.

భవదీయుడు,
విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
తార్నాక, హైదరాబాద్